బెంగళూరు చుట్టూ బీఆర్‌టీ: సర్వే నుంచి టెండరు దాకా ఏ పని ఎప్పుడు చేయాలి

బీఆర్‌టీ అంటే బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్: బస్సులకే విడి లేన్, వాటికి తగ్గ స్టేషన్లు, వెంటవెంటనే వచ్చే సర్వీసు. విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు తెలియని ఆటో డ్రైవర్ ఉండడు. విశాఖలో పెందుర్తి, సింహాచలం వైపు వేసిన బీఆర్‌టీఎస్ రోడ్ల సంగతీ అంతే. రోడ్లు వచ్చాయి, పేర్లు స్థిరపడ్డాయి. రెండు నిమిషాలకో బస్సు వచ్చే సర్వీసు మాత్రం రాలేదు. రోడ్డు పనులకు ముందు టెండరు పిలిచేసి, బస్సుల సంగతి తర్వాత చూద్దామనుకుంటే బెంగళూరులోనూ అదే జరుగుతుంది. అందుకే ఈ గైడ్‌లో అన్నిటికంటే వరసకే ఎక్కువ ప్రాధాన్యం: జనం లెక్క, సర్వీసు ప్లాన్, తలుపు–ప్లాట్‌ఫాం కొలతలు, ఆ తర్వాత రోడ్డు, చివర్లో టెండర్లు.

లైను ఎక్కడ మొదలవ్వాలి

బెంగళూరులో ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు తేలికైంది. మెట్రో ఎక్కడ ఆగిపోతే అక్కడ మొదలుపెట్టండి. ఎల్లో లైన్ 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా వచ్చింది. అక్కణ్నుంచి చందాపుర, అత్తిబెలె మీదుగా హోసూరు. గ్రీన్ లైన్ 2024 నవంబరులో మాదావర చేరింది. అక్కణ్నుంచి నెలమంగల. పర్పుల్ లైన్‌కు ఒక కొస వైట్‌ఫీల్డ్, అక్కణ్నుంచి హోస్కోటె. రెండో కొస చల్లఘట్ట, అక్కణ్నుంచి బిడది. మెట్రో పక్కనే సమాంతరంగా బీఆర్‌టీ వేస్తే రెండూ ఒకే ప్రయాణికుడి కోసం పోటీ పడతాయి. అది డబ్బు దండగ.

ఈ గైడంతటా హోసూరు లైనునే ఉదాహరణగా తీసుకుందాం. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న ఊరది. రోజూ అక్కణ్నుంచి బెంగళూరుకు పనికొచ్చే జనమూ ఎక్కువే. పైగా ఈ లైను రాష్ట్రం దాటి తమిళనాడులోకి వెళ్తుంది కాబట్టి, చిక్కులన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

జనం లెక్క

మూడు రకాల డేటా కావాలి. మొదటిది కండక్టర్ల టికెట్ మిషన్లలో ఉండే స్టేజీవారీ లెక్క. రెండోది రోడ్డు పక్కన నిలబడి తీసే లెక్క: గంటకు ఎన్ని బస్సులు వెళ్లాయి, ఒక్కోదాంట్లో సుమారు ఎంతమంది ఉన్నారు. మూడోది బస్సుల జీపీఎస్ డేటా. దాన్ని 500 మీటర్ల ముక్కలుగా, 15 నిమిషాల వేళలుగా విడగొట్టి ప్రతి ముక్కలో సగటు వేగం తీయాలి.

లెక్కకు మంగళ, బుధ, గురువారాలు తీసుకోవడం రివాజు. బెంగళూరుకు అది చాలదు. శుక్రవారం సాయంత్రం ఊళ్లకు వెళ్లే రద్దీ, సోమవారం తెల్లవారుజామున తిరిగొచ్చే రద్దీ వేరే రకం. ఆ జనం చేతిలో పెద్ద బ్యాగులుంటాయి. తెల్లారేసరికి టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఆంధ్రా బస్సులు దిగి, సిటీ బస్సు కోసం ఎడమవైపు మలుపులోనే నిలబడే గుంపును చూడండి. ఒక్కొక్కరి పక్కన ఒక బ్యాగు, ఒక బియ్యం మూట. ఆ సామానుకూ చోటు కావాలి. సగటు వారపు రోజు లెక్కతో కట్టిన స్టేషన్ ఆ పూట సరిపోదు. అందుకే ఆ రెండు పూటలూ విడిగా లెక్క తీయండి.

ఈ డేటాలో మీరు పట్టుకోవాల్సిన అంకె ఒక్కటే: రద్దీ గంటలో ఒక దిశలో, బస్సులు అన్నిటికంటే ఎక్కువ కిక్కిరిసే చోట ఎంతమంది వెళ్తున్నారు. అది 3,000 అనుకుందాం. 12 మీటర్ల బస్సులో 70 మంది పడతారు. 85 శాతం నిండుగా నడుస్తుందనుకుంటే బస్సుకు సుమారు 60 మంది. అంటే గంటకు 50 బస్సులు కావాలి. ఇవన్నీ కొస నుంచి కొసకే నడవనక్కర్లేదు. 30 బస్సులు బొమ్మసంద్ర–హోసూరు మధ్య నడిపి, మిగతా 20 ఆనేకల్, జిగణి లాంటి పక్క ఊళ్ల నుంచి వచ్చి మధ్యలో లైనులో చేరేలా చేస్తే, ఆ ఊళ్లవాళ్లకు బస్సు మారే పని తప్పుతుంది.

లేన్ వల్ల ఎన్ని బస్సులు మిగులుతాయి

ఈ లెక్కను ప్రతి అధికారి ముందూ పెట్టండి. లైను 20 కి.మీ. ఉందనుకుందాం, రెండు నిమిషాలకో బస్సు. ఇప్పటి రద్దీలో బస్సు గంటకు 12 కి.మీ. వేగంతో వెళ్తే ఒకవైపు 100 నిమిషాలు. కొసలో 5 నిమిషాలు ఆగాలి. రానూపోనూ 210 నిమిషాలు. రెండు నిమిషాలకొకటి చొప్పున 105 బస్సులు కావాలి, పది శాతం స్పేర్‌తో కలిపి 116. లేన్ ఇచ్చి వేగం 24 కి.మీ.కు పెంచితే ఒకవైపు 50 నిమిషాలు, రానూపోనూ 110. అప్పుడు 55 బస్సులు, స్పేర్‌తో 61. అదే సర్వీసుకు 55 బస్సులు తగ్గాయి. వాటి డ్రైవర్లు, డిపో స్థలం, చార్జింగ్ ఖర్చు, అన్నీ తగ్గాయి. లేన్ వద్దు, బస్సులు పెంచితే చాలని ఎవరైనా అంటే ఈ రెండు వరసలూ చూపించండి.

అయితే 20 కి.మీ. పొడవునా లేన్ వేయాలని పట్టుబట్టకండి. జీపీఎస్ డేటాలో గంటకు 12 కి.మీ. కంటే తగ్గే ముక్కల్ని ఎర్ర రంగుతో గుర్తిస్తే చందాపుర జంక్షన్, టోల్ ప్లాజా, ఊళ్ల ప్రవేశాలు బయటపడతాయి. హైవే మీద ఖాళీగా సాగే ముక్కలో లేన్ కట్టినా నిమిషం కూడా మిగలదు. డబ్బంతా ఎర్ర ముక్కల్లోనే పెట్టండి: అక్కడ విడి లేన్, సిగ్నల్ దగ్గర బస్సు ముందుగా కదిలే ఏర్పాటు, టోల్ దగ్గర బస్సులకు ఒక గేటు. అలాగని మొత్తాన్నీ ముక్కలు చెక్కలు చేయొద్దు. అంతర్జాతీయ బీఆర్‌టీ ప్రమాణం ప్రకారం విడి లేన్ కనీసం 3 కి.మీ. ఉంటేనే దాన్ని బీఆర్‌టీ కారిడార్‌గా లెక్కిస్తారు.

తలుపు, ప్లాట్‌ఫాం: ఈ కాగితం మీద అందరి సంతకాలూ ఉండాలి

ప్రాజెక్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన బస్సులకు తలుపులు ఎడమవైపు ఉంటాయి. రోడ్డు మధ్యలో రెండు దిశలకూ ఒకటే స్టేషన్ కడితే కుడివైపు తలుపులు కావాలి. ఆనేకల్ నుంచి వచ్చే బస్సు ఊళ్లో ఎడమవైపు ఆగి, లైనులోకి వచ్చాక కుడివైపు ఆగాలంటే రెండువైపులా తలుపులుండాలి. రెండువైపులా తలుపులు పెడితే సీట్లు తగ్గుతాయి. సీట్లు తగ్గితే పైన వేసిన బస్సుల లెక్క మారుతుంది.

తర్వాత ఎత్తు. ఫ్లోర్ ఎత్తు 400 మి.మీ., 650 మి.మీ., 900 మి.మీ., ఈ మూడిట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. అహ్మదాబాద్ బీఆర్‌టీ అయిన జన్‌మార్గ్ 2009లో మొదలైనప్పుడే 900 మి.మీ. ఎంచుకుని, స్టేషన్లనూ అదే ఎత్తులో కట్టింది. ఊళ్లలోకి కూడా వెళ్లే ప్రాంతీయ సర్వీసుకు మా ఓటు 400 మి.మీ. లో ఫ్లోర్‌కే. ప్లాట్‌ఫాం లేని మామూలు స్టాపులోనూ ముసలివాళ్లు, చంటిబిడ్డ తల్లులు ఇబ్బంది లేకుండా ఎక్కగలరు. 900 అయితే ప్లాట్‌ఫాం లేనిచోట మెట్లు తప్పవు.

బస్సుకూ ప్లాట్‌ఫాంకూ మధ్య ఖాళీ 100 మి.మీ. దాటకూడదు. ఎత్తులో తేడా 20 మి.మీ. లోపే ఉండాలి. ప్లాట్‌ఫాం అంచుకు రబ్బరు పట్టీ లేకపోతే డ్రైవర్ బస్సు గీసుకుంటుందన్న భయంతో అడుగు దూరంలో ఆపుతాడు. అప్పుడు ఇంత ఖర్చూ వృథాయే. ఇంకో సంగతి: లోడు ఎక్కితే బస్సు కిందికి దిగుతుంది. కొలత ఖాళీ బస్సుతోనూ, నిండు బస్సుతోనూ తీయాలి.

తలుపుల సంఖ్య, వెడల్పు, బస్సు ముందు అంచు నుంచి ప్రతి తలుపుకూ దూరం, ఫ్లోర్ ఎత్తు, అద్దాల వెడల్పు, మలుపుకు కావలసిన చోటు. ఇవన్నీ ఒకే డ్రాయింగ్‌లో రాసి, రోడ్డు ఇంజనీర్, స్టేషన్ ఆర్కిటెక్ట్, బస్సులు నడిపే సంస్థ, టికెటింగ్ సంస్థ చేత సంతకాలు పెట్టించండి. ఆ కాగితం లేకుండా ఏ టెండరూ బయటికి వెళ్లకూడదు. స్టేషన్ తలుపు ఒకచోట, బస్సు తలుపు ఇంకోచోట ఉంటే కాంక్రీటు పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

ఇంత పట్టుదల ఎందుకో ఒక లెక్కలో చూడండి. ఒక స్టేషన్‌లో బస్సుకు 25 మంది ఎక్కుతారు, గంటకు 40 బస్సులు. మెట్లెక్కి, కండక్టర్ టికెట్ కొట్టే పద్ధతిలో మనిషికి 2.5 సెకన్లు, బస్సు ఆగి, తలుపు తీసి, మూసి, కదలడానికి 12 సెకన్లు. మొత్తం సుమారు 75 సెకన్లు. గంటలో 3,000 సెకన్లు, అంటే 83 శాతం సమయం స్టాపు నిండే ఉంటుంది. వెనక బస్సులు బారులు తీరతాయి. అదే సమతలంగా ఎక్కే రెండు వెడల్పు తలుపులు, టికెట్ ముందే స్టేషన్‌లో అయితే మనిషికి 0.6 సెకన్లు. మొత్తం 27 సెకన్లు. గంటలో 1,080, అంటే 30 శాతం. ఈ అంకె 40 శాతం దాటితే బస్సులు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటాయి. దాటే పరిస్థితి ఉంటే రెండో స్టాపు, దాని పక్కన ఓవర్‌టేక్ లేన్ తప్పనిసరి. హుబ్బళ్లి–ధారవాడ బీఆర్‌టీఎస్ రెండు ఊళ్లను సుమారు 22 కి.మీ. మేర కలుపుతుంది. ఆగకుండా వెళ్లే బస్సులకు స్టేషన్ల దగ్గర దాటే లేన్ ఉంది. కర్ణాటకలోనే ఉంది కాబట్టి టీమంతా ఒక రోజు వెళ్లి చూసి రావాలి.

రోడ్డు

ఊరి లోపల మధ్యలో లేన్లు వేయాలంటే మొత్తం వెడల్పు సుమారు 34 మీటర్లు ఉంటే హాయి: బస్సులకు 7, స్టేషన్‌కు 4, మిగతా వాహనాలకు చెరో వైపు 6.75, సైకిళ్లకు చెరో 2, ఫుట్‌పాత్‌లకు చెరో 2.5. స్టేషన్ లేని చోట ఆ 4 మీటర్లూ మిగులుతాయి. వెడల్పు తగ్గితే ముందుగా కోత పడేది ఫుట్‌పాత్‌కే. అలా జరగనివ్వకండి. బస్సు ఎక్కే ప్రతి మనిషీ ముందు నడిచే వస్తాడు.

స్టేషన్ల దగ్గర, సిగ్నళ్ల దగ్గర తారు వద్దు. బస్సులు ఒకేచోట బ్రేకు వేసీ వేసీ తారు గుంటలు పడుతుంది, ప్లాట్‌ఫాంతో ఎత్తు తేడా వస్తుంది. అక్కడ పేవ్‌మెంట్ కాంక్రీటే వేయాలి. డిజైన్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2017లో తెచ్చిన బీఆర్‌టీ మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 124, దగ్గర పెట్టుకోండి. తవ్వే ముందు నీటి బోర్డు పైపులు, విద్యుత్ కేబుళ్లు ఎక్కడున్నాయో ట్రయల్ పిట్లు, అంటే చిన్న పరీక్ష గుంటలు, తీసి చూడాలి. మ్యాపుల్ని నమ్ముకుంటే పని మధ్యలో ఆగుతుంది.

సిగ్నల్ సైకిల్ 180 సెకన్లుంటే, 90 సెకన్లకో బస్సు వచ్చే లైనులో ప్రతి సైకిల్‌కూ రెండు బస్సులు చేరతాయి. స్టేషన్‌ను స్టాప్‌లైన్‌కు ఆనుకుని కడితే అవి స్టేషన్ నోరు మూసేస్తాయి. కనీసం 40 మీటర్లు వెనక్కి కట్టండి. కుడి మలుపులు తీసేసి, ముందుకెళ్లి యూటర్న్ చేసేలా మారిస్తే సైకిల్ 90–120 సెకన్లకు దిగుతుంది. ఢిల్లీలో అంబేడ్కర్ నగర్–మూల్‌చంద్ మధ్య 5.8 కి.మీ. కారిడార్ 2008లో తెరిచి 2016లో పీకేశారు. దాని కష్టాల్లో చాలావరకు జంక్షన్లలోనే: స్టాపులన్నీ సిగ్నల్ పక్కనే, సిగ్నల్ సైకిళ్లు పొడుగు, పాడైన బస్సు దారిలో ఆగితే వెనకున్నవన్నీ అక్కడే.

మధ్య స్టేషన్‌కు జనం నేలమీదే దాటాలి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడితే మోకాళ్ల నొప్పులున్న మనిషి దాన్ని వాడడు, కంచె సందులోంచి దాటతాడు. ఎత్తు చేసిన క్రాసింగ్, మంచి దీపం, ఒకసారికి రెండు లేన్లకు మించని దూరం. ఇవి చాలు.

టెండర్లు

కొనాల్సినవి ఐదు రకాలు: రోడ్డు–స్టేషన్ల నిర్మాణం, బస్సుల నడిపింపు, టికెటింగ్ గేట్లు, కంట్రోల్ రూమ్, స్టేషన్ల శుభ్రత–భద్రత. అన్నీ ఒకే కాంట్రాక్టర్‌కు ఇస్తే పోటీ ఉండదు. ఐదుగురికి ఇస్తే తప్పు ఎవరిదని అడిగినప్పుడు ఐదు వేళ్లు ఐదు వైపులు చూపిస్తాయి. టికెటింగ్, కంట్రోల్ రూమ్ ఒకరికే ఇచ్చి, బస్సుల్ని విడిగా పిలవడం మాకు మంచిదనిపిస్తుంది. కర్ణాటకలో టెండరు ప్రక్రియ 1999 కేటీపీపీ చట్టం (టెండర్లలో పారదర్శకత చట్టం) ప్రకారం నడుస్తుంది. తమిళనాడువైపు పనులకు 1998 నాటి వాళ్ల టెండర్ల చట్టం. అందుకే హోసూరు స్టేషన్ పనుల్ని అత్తిబెలె ప్యాకేజీలో కలపకండి.

బస్సులకు గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు సరైనది: ఆపరేటర్‌కు కిలోమీటరుకు ఇంత, టికెట్ డబ్బు ప్రభుత్వ రవాణా సంస్థకు. టికెట్ డబ్బు ఆపరేటర్‌కే ఇస్తే స్టాపుల్లో జనం కోసం కాచుక్కూర్చుంటాడు, టైమింగ్ పోతుంది. 2022లో బెంగళూరు, హైదరాబాద్ సహా ఐదు నగరాలు కలిసి 5,450 ఎలక్ట్రిక్ బస్సులకు ఒకే టెండరు పిలిచినప్పుడు 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు రూ.43.49 ధర వచ్చింది. ఆ అంకెను మీ అంచనాలో పెట్టకండి. అందులో కేంద్రం సబ్సిడీ ఉంది, బస్సుల సంఖ్యా పెద్దది. కుడి తలుపుల బస్సులు వంద మాత్రమే అడిగితే ఎక్కువే అడుగుతారు. కేంద్రం ఎలక్ట్రిక్ వాహనాల పథకం పీఎం ఈ–డ్రైవ్ కింద 2025లో బెంగళూరుకు 4,500 బస్సులు కేటాయించారు. అలాంటి ఉమ్మడి టెండర్లలో మీ బస్సులు కావాలంటే రెండువైపులా తలుపుల రకం స్పెసిఫికేషన్‌లో ముందే ఉండాలి. ప్రీ–బిడ్ మీటింగ్ అయ్యాక అడిగితే ఎవరూ మార్చరు.

కాంట్రాక్టులో ఈ విషయాలు తేల్చుకోకుండా సంతకం పెట్టొద్దు. రోజుకు హామీ కిలోమీటర్లు ఎన్ని, అంతకంటే తక్కువ నడిపిస్తే ఎంత చెల్లించాలి. కరెంటు ధర, కనీస వేతనం పెరిగితే రేటు ఎలా మారుతుంది. టోల్ ఎవరు కట్టాలి. డెడ్ కిలోమీటర్లు లెక్కలోకి వస్తాయా, రావా. ఈ చివరిది చిన్నగా కనిపిస్తుంది. డిపో లైనుకు 8 కి.మీ. దూరంలో ఉంటే బస్సుకు రోజూ 16 కి.మీ. ఖాళీ పరుగు. 60 బస్సులకు 960. కి.మీ.కు 60 రూపాయలనుకుంటే ఏడాదికి రూ.2 కోట్ల 10 లక్షలు. అంత డబ్బుతో లైను పక్కనే స్థలం అద్దెకు తీసుకోవడం గురించి ఆలోచించొచ్చు.

జరిమానాలు లెక్కపెట్టగలిగేవే పెట్టండి: తప్పిన ట్రిప్పులు, పదివేల కి.మీ.కు ఎన్నిసార్లు పాడైంది, స్టేషన్‌లో ఆగకుండా వెళ్లడం, దూరంగా ఆపడం. నెల బిల్లులో జరిమానాకు ఒక గరిష్ఠ పరిమితి ఉండాలి. లేకపోతే బిడ్డర్లు ఆ భయాన్ని కూడా రేటులో కలిపేస్తారు. డబ్బు సకాలంలో అందుతుందన్న నమ్మకం కూడా రేటును తగ్గిస్తుంది. ఈ చెల్లింపులకే విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలో రెండు మూడు నెలల బిల్లు నిల్వ పెట్టండి. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం ఈ–బస్ సేవా చెల్లింపు భద్రత పథకంలో చేరే వీలుందేమో చూడండి.

డిపో కరెంటు సంగతి టెండరుకంటే ముందే మొదలుపెట్టాలి. ఏసీ బస్సు కి.మీ.కు సుమారు 1.2 యూనిట్లు తింటుంది. 200 కి.మీ.కు 240 యూనిట్లు, వంద బస్సులకు 24,000. రాత్రి ఆరు గంటల్లో ఎక్కించాలంటే 4 మెగావాట్లు, నష్టాలతో కలిపి 4.5 దాకా. అంత లోడుకు విద్యుత్ సంస్థ బెస్కామ్ నుంచి కొత్త లైను రావాలి. బస్సులొచ్చి లైను రాకపోతే, అవి ఎండలో నిలబడి ఉండగానే హామీ కిలోమీటర్ల బిల్లు మొదలవుతుంది.

టికెట్

స్టేషన్ గేట్లు నేషనల్ కామన్ మొబిలిటీ కార్డును తీసుకోవాలి, మెట్రో నుంచి దిగినవాళ్లకు అదే కార్డు పనిచేయాలి. ఇంకో చిక్కు శక్తి పథకం. 2023 జూన్ నుంచి కర్ణాటక మహిళలకు ఆర్డినరీ బస్సుల్లో ప్రయాణం ఉచితం, కండక్టర్ కర్ణాటక చిరునామా గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొడతాడు. ఆ టికెట్ల లెక్కమీదే ప్రభుత్వం సంస్థకు డబ్బిస్తుంది. కండక్టర్ లేని గేటు ఈ పని ఎలా చేస్తుందో టెండరులోనే రాయాలి. ఇక్కడ పనిచేస్తూ ఆంధ్రా చిరునామా ఆధార్ ఉన్న ఆడవాళ్లు టికెట్ కొనాలి. గేటు దగ్గర గొడవ లేకుండా ఇద్దరికీ దారి ఉండాలి. రాష్ట్రం దాటే ట్రిప్పుకు లెక్క వేరుగా పెట్టండి.

అనుమతులు, ట్రయల్

హోసూరు సర్వీసుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 88 కింద రెండు రాష్ట్రాల పరస్పర ఒప్పందంలో ఆ బస్సుల సంఖ్య చేరాలి. దీనికి పట్టే సమయాన్ని ఎవరూ తక్కువ అంచనా వేయొద్దు. మొదటి సర్వే రోజే ఉత్తరం పంపండి. లైను జాతీయ రహదారి 44 మీద ఉంది కాబట్టి జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ అనుమతి కూడా కావాలి.

లేన్‌ను ప్రకటించే ట్రాఫిక్ నోటిఫికేషన్, కెమెరాలు, జరిమానా పద్ధతి సర్వీసు మొదలయ్యే రోజుకు సిద్ధంగా ఉండాలి. 2019 చివర్లో సిల్క్ బోర్డ్ నుంచి కేఆర్ పురం దాకా అవుటర్ రింగ్ రోడ్డులో బోలార్డులు (లేన్‌ను వేరుచేసే చిన్న స్తంభాలు) పెట్టి బస్ లేన్ ఇచ్చారు. మెట్రో పనులు మొదలయ్యాక అది మిగల్లేదు. పక్కనే ఇంకో పెద్ద నిర్మాణం రాబోతోందేమో ముందే కనుక్కుని, పనులు జరుగుతున్నప్పుడు బస్సులకు ఏ దారో ఆ సంస్థతో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. బోలార్డులు విరుగుతాయి, విరిగినవి 24 గంటల్లో మార్చే బాధ్యత రోడ్డు కాంట్రాక్టులోనే పెట్టండి. ఒకటి ఊడితే ఆ సందులోంచి ముందు బైకులు, వెనకే ఆటోలు దూరతాయి. అంబులెన్సులకు మాత్రం లేన్ తెరిచే ఉంచాలి.

ప్రారంభానికి ముందు కనీసం నాలుగు వారాలు జనం లేకుండా నడపండి. నిండు లోడుకు ఇసుక బస్తాలు వేసి ప్రతి స్టేషన్‌లో ఖాళీని కొలవండి. బ్రేక్‌డౌన్ అయిన బస్సును లాగే క్రేన్ ఎక్కడ నిలబడాలో, ఎన్ని నిమిషాల్లో చేరాలో రద్దీ వేళలో ఒకసారి నిజంగానే చేసి చూడండి. డ్రైవర్లందరూ ప్లాట్‌ఫాంకు 100 మి.మీ. లోపు వరసగా పదిసార్లు ఆపగలిగాకే తేదీ ప్రకటించండి.